నెల్లూరు నుంచి హిమాలయ సరస్సుకు: ఏ దారి ఎవరికి?

మంచుకొండల నడుమ నీలంగా మెరిసే సరస్సు ఫోటో చూసి ట్రెక్ ఎంచుకునేవాళ్లే ఎక్కువ. ఫోటోలో అన్ని సరస్సులూ ఒక్క తీరుగానే ఉంటాయి. అసలు తేడా తెలిసేది రెండో రాత్రి టెంటులో, కణతలు అదిరిపోతూ నిద్ర పట్టనప్పుడు. నెల్లూరైనా ఒంగోలైనా సముద్ర మట్టానికి ఇరవై మీటర్లకు అటూ ఇటూ ఉండే ఊళ్లు. 4,300 మీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి ఇక్కడి దాంట్లో 60 శాతం కూడా ఉండదు. కాబట్టి సరస్సు ఎత్తును రెండో సంగతిగా పెట్టుకుని, దారిలో ఏ రాత్రి ఎంత ఎత్తున పడుకోవాల్సి వస్తుందో ముందు చూడండి. ఇక్కడి పోలికంతా ఆ లెక్క మీదే నడుస్తుంది.

లెక్క చిన్నదే. 3,000 మీటర్లు దాటాక ఒక రాత్రికీ మరుసటి రాత్రికీ పడక ఎత్తు 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తున ఇంకో రాత్రి ఆగాలి. పగలు ఇంకా పైకెక్కి, రాత్రికి కిందికి దిగి పడుకుంటే మరీ మంచిది. ట్రెక్ కంపెనీల ప్రకటనల్లో గరిష్ఠ ఎత్తు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, క్యాంపుల ఎత్తులు ఎక్కడో కింద ఉంటాయి. ఆ క్యాంపుల అంకెలు కాగితం మీద వరసగా రాసుకుని పక్కపక్క వాటి తేడా తీయండి. వెయ్యి మీటర్ల గెంతు ఎక్కడ కనిపిస్తే మనవాళ్లు జబ్బు పడేది అక్కడే.

గ్రాండ్ ట్రంక్‌లో రెండు రాత్రులు ప్రయాణం చేస్తే ఒళ్లు కొంత అలవాటు పడుతుందనుకుంటారు కొందరు. పడదు. ఢిల్లీ ఎత్తు 216 మీటర్లే. రైల్లో వెళ్లినా, చెన్నై నుంచి విమానంలో వెళ్లినా అలవాటు పడటం మొదలయ్యేది కొండ మీద మొదటి రాత్రి నుంచే. దానికి రోజులు కేటాయించకుండా, రాకపోకలకే సెలవంతా ఖర్చయ్యేలా టిక్కెట్లు తీసుకోవడం ఇక్కడి నుంచి వెళ్లేవాళ్లు చేసే మొదటి తప్పు.

సెలవు ఏ నెలలో?

పిల్లల బడులతో ముడిపడిన కుటుంబాలకు దొరికేది ఎండాకాలం సెలవులు. చిక్కేమిటంటే, ఇక్కడ ఎండలు మండిపోతున్న మే నెలలో నాలుగు వేల మీటర్ల పైనున్న సరస్సులు చాలావరకు మంచు కిందే ఉంటాయి. ఆ నెలలో మనాలి దగ్గరి భృగు సరస్సుకు వెళ్తే మంచులో నడిచిన సరదా తీరుతుంది, నీళ్లు మాత్రం కనపడకపోవచ్చు. ఉత్తరాఖండ్‌లో సిక్కుల యాత్రాస్థలమైన హేమకుండ్ సాహిబ్ సరస్సు దారి మే నెలాఖరుకో జూన్ మొదట్లోనో తెరుస్తారు. అప్పుడు కూడా సరస్సు మీద మంచు పలకలుంటాయి.

జులై, ఆగస్టుల్లో సెలవు దొరికితే కశ్మీర్ వైపు చూడండి, లేదా హిమాచల్‌లో హంప్తా కనుమ దాటి చంద్రతాల్ సరస్సు వైపు. రుతుపవనాల వాన అక్కడ తక్కువ. అదే నెలల్లో ఉత్తరాఖండ్‌లో కొండచరియలు విరిగి రోడ్లు మూసుకుపోతాయి, జోషీమఠ్ దారిలో ఒక రోజంతా బస్సులో కూర్చోవాల్సి రావచ్చు. మనాలి దాకా వెళ్లే రోడ్డుకూ వానల్లో ఆ బెడద ఉంది, తిరుగు టిక్కెట్టుకు ఒక రోజు అదనంగా ఉంచుకోండి. పూల కోసం వెళ్లేవాళ్లకు మాత్రం జులై, ఆగస్టులు తప్ప వేరే దారి లేదు.

దసరా సెలవులే అన్నిటికన్నా నయం. వాన వెలిసి ఆకాశం తేటగా ఉంటుంది, సరస్సు నీళ్లు నీళ్లుగా ఉంటాయి, వాగుల ఉద్ధృతి తగ్గుతుంది. రాత్రిళ్లు సున్నా కిందికి పోతుంది, దానికి తగిన పడక ఉంటే చాలు. పండగ అక్టోబరులో మరీ వెనక్కి పడిన ఏడాది కశ్మీర్ సరస్సుల దారి అప్పటికే ముగిసిపోతుంది, అది చూసుకోవాలి. సంక్రాంతికి వెళ్లేవాళ్లు సరస్సు మాట మరచిపోయి, మంచులో నడక కోసమే వెళ్లాలి.

హేమకుండ్: టెంటు మోయకుండా పద్నాలుగు వేల అడుగులు

మొదటిసారి వెళ్లేవాళ్లకు, యాభై దాటినవాళ్లకు మా సలహా ఇదే. గోవింద్‌ఘాట్ నుంచి పుల్నా దాకా జీపు, అక్కడి నుంచి తొమ్మిది పది కిలోమీటర్లు నడిస్తే ఘాంఘరియా. అక్కడ గురుద్వారా ఉంది, లాడ్జీలున్నాయి, వేడి భోజనం దొరుకుతుంది. ఘాంఘరియా ఎత్తు సుమారు 3,050 మీటర్లు. అక్కడి నుంచి ఆరు కిలోమీటర్లు రాళ్లు పరిచిన దారి మీద ఎక్కితే సరస్సు. పైన రాత్రి ఉండనివ్వరు, మధ్యాహ్నానికల్లా దిగాలి. అంటే పగలు ఎత్తుకెక్కి రాత్రి కిందికి రావడమన్న నియమం ఇక్కడ దానంతటదే అమలవుతుంది.

గోవింద్‌ఘాట్ నుంచి ఘాంఘరియాకు ఒక్కరోజులో 1,200 మీటర్లు పెరగడం ఒక్కటే ఇందులో లోపం. అందుకని ఘాంఘరియాలో రెండు రాత్రులు ఉండి, మొదటి రోజు పూలలోయకు (వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్) వెళ్లి, రెండో రోజు హేమకుండ్ ఎక్కండి. చాలామంది దీన్ని తిరగేసి ముందు హేమకుండ్ కానిచ్చేస్తారు, తలనొప్పితో పూలలోయ వదులుకుంటారు. పూలలోయ జూన్ 1 నుంచి అక్టోబరు 31 వరకే. ఉత్తరాఖండ్ యాత్రా రిజిస్ట్రేషన్ ఇంటి దగ్గరే ఆన్‌లైన్‌లో చేసుకుని, కాగితం మీద ఒక ప్రతి పెట్టుకోండి.

ఏకాంతం కోరుకునేవాళ్లకు ఇది నచ్చదు. జూన్‌లో తిరుమల నడకదారంత సందడి ఉంటుంది, గుర్రాలకు దారి ఇస్తూ నడవాలి. గుర్రం వస్తుంటే కొండ వైపే ఒదిగి నిలబడండి, లోయ వైపు కాదు.

మనాలి చుట్టూ మూడు: బియాస్ కుండ్, భృగు, హంప్తా

ఈ మూడింటికీ మొదటి మజిలీ మనాలే కాబట్టి ఒకే రకం అనుకుంటారు. పడక లెక్క వేస్తే మూడూ మూడు దారులు.

బియాస్ కుండ్ సుమారు 3,700 మీటర్లు. సోలాంగ్ లోయ నుంచి ధుండీ మీదుగా బకర్‌థాచ్ పచ్చికలో సుమారు 3,300 మీటర్ల దగ్గర పడక, మర్నాడు సరస్సు చూసి అదే చోటికి తిరిగి రావడం. మూడు రోజుల పని. సొంతంగా టెంటు మోసి చూద్దామనుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి బడి లేదు. ఏదైనా మరచిపోయినా, టెంటు కారినా, మర్నాటికి రోడ్డు మీదుంటారు. సరస్సు చిన్నదని పెదవి విరిచేవాళ్లున్నారు. నిజమే, చిన్నదే. బియాస్ నది పుట్టిన చోటు, చుట్టూ హిమానీనదాలు, అవి చూడటానికి వెళ్లాలి.

భృగు సరస్సు సుమారు 4,250 మీటర్లు. వారాంతం ట్రెక్కని, తేలికని పేరు పడింది. అంకెలు రాసి చూడండి: మనాలి 2,050, జోంకర్ థాచ్ సుమారు 3,200, రోలా ఖోలీ సుమారు 3,800, మర్నాడు సరస్సు. మొదటి గెంతు 1,150, రెండోది 600, రెండూ వెంటవెంటనే. దారి పచ్చిక మీద మెత్తగా ఉండటంతో కాళ్లు నొప్పి పుట్టవు, ఆ ధీమాలో వేగంగా నడుస్తారు. తల పట్టేసేది అక్కడే. భృగు ఎంచుకునేవాళ్లు మనాలిలోనో వశిష్ఠ్‌లోనో రెండు రాత్రులు ముందుగా ఉండి తీరాలి. ఆ రెండు రోజులు లేకపోతే బియాస్ కుండ్‌తో సరిపెట్టుకోండి.

హంప్తా కనుమ 4,270 మీటర్లు, భృగుతో సమానం. అయినా పడకలు చీకాలో సుమారు 3,100, బాలూ కా ఘేరాలో 3,600, కనుమ దాటాక శియాగోరులో 3,900, ఛత్రూలో 3,350. మొదటి గెంతును మనాలిలో ఒక రాత్రి అదనంగా ఉండి తగ్గించుకుంటే మిగతావన్నీ 500 లోపే. కష్టంగా పేరున్న హంప్తా, తేలికగా పేరున్న భృగు కన్నా మన ఒంటికి నయమనడానికి కారణం ఇది. పైగా కనుమకు ఇవతల పచ్చని కులూ లోయ, అవతల చెట్టు లేని లాహౌల్. ఒక్కరోజులో రెండు దేశాలు చూసినట్టుంటుంది. ఛత్రూ నుంచి జీపులో చంద్రతాల్‌కు వెళ్లవచ్చు. 2005లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాకెక్కిన సరస్సు అది, ఒడ్డున టెంట్లు వేయనివ్వరు, రెండు మూడు కిలోమీటర్ల ఇవతలే క్యాంపులు. ఆ క్యాంపు మళ్లీ 4,200 మీటర్ల ఎత్తున ఉంటుంది కాబట్టి ఛత్రూలో తలనొప్పి ఉన్నవాళ్లు జీపు ఎక్కవద్దు. అటల్ సొరంగం మీదుగా మనాలికి దిగిపోవచ్చు.

హంప్తాలో భయపడాల్సింది వాగు. మంచు కరిగే నీరు కాబట్టి పొద్దున మోకాలి లోతున్నది మధ్యాహ్నానికి తొడల దాకా వస్తుంది. దాటేటప్పుడు సంచి నడుము పట్టీ, ఛాతీ పట్టీ విప్పేయండి. కాలు జారితే సంచి వదిలించుకోవాలి, లేకపోతే అదే మిమ్మల్ని నీళ్లలో అదిమి పట్టేస్తుంది. ప్రవాహం వచ్చే వైపు తిరిగి, కర్ర మూడో కాలుగా ఆనించి, ఒక్కొక్క అడుగే పక్కకు వేయాలి. వట్టి కాళ్లతో దిగకండి. ఆ చలికి అరికాళ్లు మొద్దుబారి రాయి తెలియదు. రబ్బరు చెప్పులు ప్రవాహానికి ఊడిపోతాయి. వెనక పట్టీ ఉన్న శాండిల్స్ కావాలి.

కశ్మీర్ సరస్సుల దారి: ఎత్తు తక్కువ, దూరం ఎక్కువ

సోనామార్గ్ నుంచి నిచ్నాయ్, విశన్‌సర్, కృష్ణసర్, గడ్సర్, సత్సర్, గంగాబల్ మీదుగా నారానాగ్‌కు దిగే ఈ దారి డెబ్బై కిలోమీటర్లకు పైచిలుకు, ఆరేడు రోజులు. సోనామార్గ్ ఎత్తే సుమారు 2,750 మీటర్లు. అక్కడ రెండు రాత్రులుంటే ఆ తర్వాతి పడకలన్నీ 3,500కూ 3,700కూ మధ్యే. గడ్సర్ కనుమ మాత్రం 4,200 దగ్గరికి వెళ్తుంది, అది దాటి మళ్లీ దిగుతాం. ఎత్తు జబ్బు భయం ఈ ఆరింటిలో ఇక్కడ తక్కువ వైపే.

బదులుగా మోకాళ్లు పరీక్షకు నిలబడాలి. చివరి రోజు గంగాబల్ నుంచి నారానాగ్‌కు 1,200 మీటర్లకు పైగా ఒక్క బిగిన దిగుడు. అయిదు రోజుల అలసట మీద ఆ దిగుడులో కాలి గోళ్లు నల్లబడతాయి, మోకాలి కీలు బయటి వైపు నొప్పి పట్టేస్తుంది. మోకాలి నొప్పి ఉన్నవాళ్లు హంప్తా ఎంచుకోవడం మంచిది. రెండో చిక్కు, గడ్సర్ దగ్గర ఏమైనా అయితే ముందుకైనా వెనక్కైనా రెండు రోజుల నడక.

ఇక్కడ దారిలో సైన్యం తనిఖీలుంటాయి. అసలు ఆధార్ కార్డు చేతిలో ఉండాలి, ఫోన్‌లో ఫోటో చాలదు. ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కశ్మీర్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ తీసుకెళ్లండి. భద్రతా పరిస్థితిని బట్టి దారులు ఉన్నట్టుండి మూసేస్తారు కాబట్టి బయలుదేరే వారంలో ఒకసారి కనుక్కోండి. అప్పటికప్పుడు మూసేస్తే డబ్బు తిరిగి ఇస్తారా లేదా అన్నది బుక్ చేసేటప్పుడే రాతపూర్వకంగా తీసుకోవాలి. మనవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. చెన్నై నుంచి కట్రా వెళ్లే అండమాన్ ఎక్స్‌ప్రెస్ నెల్లూరు, ఒంగోలు మీదుగానే పోతుంది. కట్రా నుంచి శ్రీనగర్‌కు 2025 జూన్ నుంచి రైలుంది.

సతోపంథ్: రెండోసారి వెళ్లేవాళ్లకే

బదరీనాథ్ వెళ్లే తెలుగువాళ్లకు మాణా గ్రామం, భీమ్ పుల్ తెలుసు. పాండవులు స్వర్గారోహణకు వెళ్లారని చెప్పే దారి అదే. ఆ దారిలో ముందుకు పోతే లక్ష్మీవనం, సహస్రధార, చక్రతీర్థం దాటాక సుమారు 4,600 మీటర్ల ఎత్తున మూడు కోణాల సతోపంథ్ సరస్సు. మూడు మూలలా బ్రహ్మ, విష్ణు, మహేశ్వరులు స్నానం చేస్తారని నమ్మకం. నీళ్లలో సబ్బు పెట్టకూడదు, ఒడ్డున మాంసం ముట్టకూడదు. ఎండు రొయ్యల పొట్లం ఇంటి దగ్గరే వదిలేయండి.

పడక లెక్క కాగితం మీద చక్కగా కుదురుతుంది: బదరీనాథ్ 3,150, లక్ష్మీవనం 3,650, చక్రతీర్థం 4,150, సతోపంథ్ 4,600. ప్రతి గెంతూ 500 లోపే. అయితే ఇది మొదలే ఎత్తున మొదలవుతుంది, ఏ రాత్రీ కిందికి దిగదు. హరిద్వార్ నుంచి ఒక్కరోజులో బదరీనాథ్ చేరి మర్నాడే నడక మొదలుపెడితే ఆ లెక్కంతా వృథా. జోషీమఠ్‌లో ఒక రాత్రి, బదరీనాథ్‌లో రెండు రాత్రులు. అప్పుడే లక్ష్మీవనం వైపు అడుగు. సతోపంథ్‌లో రాత్రి ఉండకుండా చక్రతీర్థం నుంచి వెళ్లి వచ్చేయడం ఇంకా మేలు, కాకపోతే ఆ రోజు పది గంటలు నడవాల్సి ఉంటుంది.

దారి సంగతి వేరే చెప్పాలి. చక్రతీర్థం దాటాక హిమానీనదం తెచ్చి పోసిన రాళ్ల గుట్టలు. కింద మంచు, పైన రాళ్లు, ఏ రాయి కదులుతుందో తెలియదు. కాలిబాట అంటూ ఉండదు. రాయి మీద రాయి పేర్చిన గుర్తులు చూసుకుంటూ పోవాలి, పొగమంచు కమ్మితే అవీ కనపడవు. గుర్రాలు ఎక్కలేవు, సామాను మనుషులే మోయాలి. అటవీ శాఖ అనుమతి తీసుకుని, మాణా ప్రాంతపు గైడ్‌ను పెట్టుకోకుండా వెళ్లడం తెలివైన పని కాదు. హేమకుండో హంప్తానో అయ్యాకే దీని గురించి ఆలోచించండి.

రూప్‌కుండ్ అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. ఎముకల సరస్సుగా దాని పేరు అలాంటిది. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు ఎత్తు పచ్చికల్లో రాత్రి బసను నిషేధించింది. ఆలీ, బేడ్నీ బుగ్యాళ్లలో పడుకోకుండా అయిదు వేల మీటర్ల దగ్గరికి ఎక్కే పద్ధతి లేదు. ఎవరైనా చాటుగా తీసుకెళ్తామంటే ఒప్పుకోకండి.

ట్రెక్ కంపెనీయా, స్థానిక గైడా, సొంతంగానా?

బియాస్ కుండ్ సొంతంగా చేయవచ్చు. హేమకుండ్‌కు కంపెనీ అక్కరే లేదు, వాళ్లకిచ్చే డబ్బు ఘాంఘరియాలో ఇంకో రెండు రాత్రులకు పెట్టుకోండి. హంప్తా, కశ్మీర్ దారులకు నలుగురైదుగురు కలిసి స్థానిక గైడ్, వంటవాడు, గుర్రాలు మాట్లాడుకుంటే రోజులు మీ చేతిలో ఉంటాయి. ఒకరికి తలనొప్పి వస్తే ఒక రాత్రి ఆగవచ్చు. పదిహేను, ఇరవై మంది గుంపుగా నడిపే కంపెనీ ట్రెక్‌లో ఎవరి కోసమూ ఆగరు. బాగాలేనివాళ్లను ఒక మనిషి తోడిచ్చి కిందికి పంపేస్తారు. అది న్యాయమే, మీరు మాత్రం దానికి సిద్ధపడి ఉండాలి. ఒంటరిగా వెళ్లేవాళ్లకు, హిందీ రానివాళ్లకు కంపెనీయే సులువు. కంపెనీని మూడు ప్రశ్నలు అడగండి: ఆక్సిజన్ సిలిండరు ప్రతి క్యాంపులో ఉంటుందా, వేలికి పెట్టే ఆక్సీమీటరుతో రోజూ కొలుస్తారా, అదనపు రోజు ఏమైనా కేటాయించారా. మూడోదానికి చాలామంది నీళ్లు నములుతారు.

సంచి బరువు

ఇద్దరు కలిసి ఒక టెంటు పంచుకుంటే, నాలుగు రోజులకు ఒక్కొక్కరి మోత ఇలా వస్తుంది. ఖాళీ సంచి 1.8 కిలోలు, టెంటులో సగం 1.2, స్లీపింగ్ బ్యాగు 1.4, చాప 0.4, పొయ్యి-గ్యాసు-గిన్నెలో సగం 0.6, తిండి రోజుకు 700 గ్రాముల చొప్పున 2.8, నీళ్లు 2, బట్టలు-వాన కోటు 2.5, మందులు-టార్చి-పవర్ బ్యాంకు 0.8. మొత్తం పదమూడున్నర. 65 కిలోల మనిషికి ఇదే హద్దు. బరువైనవి వీపుకు ఆని, భుజాల ఎత్తున రావాలి. నడుము పట్టీ తుంటి ఎముక మీద బిగించి, ఆ తర్వాతే భుజాల పట్టీలు లాగాలి. భుజాలు నొప్పి పుడితే సంచి బరువని అనుకోకండి, నడుము పట్టీ కడుపు మీదికి జరిగిందేమో చూడండి.

స్లీపింగ్ బ్యాగు మీద రెండు అంకెలుంటాయి. కంఫర్ట్ అన్నది హాయిగా నిద్ర పట్టే చలి, లిమిట్ అన్నది ముడుచుకుని ఎలాగో గడిపే చలి. పద్దెనిమిది డిగ్రీలకే స్వెట్టరు వేసుకునే మనం కంఫర్ట్ అంకెనే నమ్మాలి. జులైలో బియాస్ కుండ్‌కు సున్నా కంఫర్ట్ చాలు. దసరాకు హంప్తా, సతోపంథ్ అయితే మైనస్ అయిదు నుంచి మైనస్ పది. ఒక్క ట్రెక్ కోసం కొనడం దండగ, మనాలిలో, జోషీమఠ్‌లో అద్దెకిస్తారు. జిప్పు పూర్తిగా వేసి తీసి చూసుకుని తీసుకోండి.

బూట్ల విషయంలో మన తీరప్రాంతంలో ఎక్కువగా ఉండే బెడద ఒకటుంది. మూడు నాలుగేళ్ల కిందట కొని బీరువాలో దాచిన ట్రెక్కింగ్ బూట్లు చూడటానికి కొత్తగానే ఉంటాయి. అడుగుకూ పైభాగానికీ మధ్యనుండే పాలీయురెథేన్ పొర ఉప్పుగాలి తేమకు లోపల్లోపల విరిగిపోతుంది. కొండ మీద రెండో రోజు అట్ట ఊడినట్టు అడుగు ఊడివస్తుంది. బయలుదేరే ముందు బొటనవేలి గోరుతో ఆ పొరను నొక్కండి. పొడిగా రాలినా, పగుళ్లు కనపడినా పక్కన పెట్టేయండి. బాగున్నవైనా ఇరవై కిలోమీటర్లు ఇక్కడే నడిచి చూడాలి. కొత్తవి కొనేటప్పుడు సాయంత్రం పూట, మందపు సాక్సు వేసుకుని, వేళ్ల ముందు బొటనవేలంత ఖాళీ ఉండేలా చూడండి. ఆ ఖాళీ లేకపోతే నారానాగ్ దిగుడులో గోళ్లు పోతాయి.

వాన కోటులో రెండు రకాలు. పోంచో సంచిని కూడా కప్పుతుంది, చవక, హేమకుండ్‌కు సరిపోతుంది. గాలి ఉన్నచోట అది ఎగిరి ముఖాన పడుతుంది, పాదాలు కనపడనివ్వదు. రాళ్ల గుట్టల మీద పాదం కనపడకపోవడం ప్రమాదం. హంప్తా, సతోపంథ్‌లకు కోటు, ప్యాంటు విడివిడిగా కావాలి. కాటన్ బనియన్లు వద్దు, చెమటకు తడిస్తే ఆరవు, ఆగిన అయిదు నిమిషాల్లో ఒళ్లు గడ్డకడుతుంది. లుంగీ ఒకటి మాత్రం పెట్టుకోండి, వాగు దాటాక ఆరుబయట బట్టలు మార్చుకోవడానికి అంతకన్నా మంచి సాధనం ఇంకా కనిపెట్టలేదు.

తిండి

4,200 మీటర్ల దగ్గర నీళ్లు 86 డిగ్రీలకే మరుగుతాయి. కుక్కరు లేకపోతే కందిపప్పు ఉడకనే ఉడకదు, మొలగొలుకుల బియ్యమైనా పలుకు పలుకుగానే ఉంటాయి. సొంతంగా వండుకునేవాళ్లు వేడినీళ్లు పోస్తే నానిపోయేవే తీసుకెళ్లాలి: అటుకులు, ఇంట్లో నేతిలో వేయించి తాలింపు కలిపిన ఉప్మా రవ్వ, సేమ్యా. పులిహోర పులుసు గట్టిగా కాచి సీసాలో పోసుకుంటే అటుకుల్లో కలుపుకోవచ్చు. బొరుగులు తేలికే, సంచిలో చోటంతా తినేస్తాయి. నడుస్తూ తినడానికి వేరుశనగ చిక్కీ, ఖర్జూరం. ఎత్తుకు పోయేకొద్దీ ఆకలి చచ్చిపోతుంది. అప్పుడు తియ్యటి బార్లు గొంతు దిగవు, కందిపొడి, నల్లకారం, నెయ్యి ఉంటే నాలుగు ముద్దలు తినగలుగుతారు.

గ్యాసు డబ్బాలు రైల్లోనూ విమానంలోనూ తీసుకెళ్లనివ్వరు, అక్కడే కొనాలి. వట్టి బ్యూటేన్ డబ్బా సున్నా డిగ్రీల దగ్గర మంట ఇవ్వదు. ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిసింది అడగండి. ఇద్దరు రోజుకు మూడు లీటర్ల నీళ్లు కాచుకుంటే 230 గ్రాముల డబ్బా మూడు రోజులొస్తుంది. రాత్రి డబ్బాను స్లీపింగ్ బ్యాగులో కాళ్ల దగ్గర పెట్టుకుంటే పొద్దున వెంటనే అంటుకుంటుంది.

ఇక్కడే చేయదగ్గ సాధన

ఎత్తుకు అలవాటు ఇక్కడ రాదు, కాళ్లకూ ఊపిరికీ మాత్రం వస్తుంది. ఎనిమిది వారాలు కావాలి. వారంలో మూడు రోజులు మైపాడులోనో కొత్తపట్నంలోనో పొడి ఇసుకలో గంటసేపు నడక, సంచిలో ఆరు కిలోలతో మొదలుపెట్టి పదికి. పిక్కలకూ చీలమండకూ ఇసుకంత మేలు చేసేది ట్రెడ్‌మిల్ చేయదు. వారాంతంలో ఉదయగిరి దుర్గం. మూడు వేల అడుగుల పైనున్న కొండ కాబట్టి ఎక్కుడూ దిగుడూ రెండూ దొరుకుతాయి. ఎండ ముదరకముందే, నాలుగు లీటర్ల నీళ్లతో వెళ్లాలి. శ్రీవారి మెట్టు 2,388 మెట్లు ఆగకుండా, మాట్లాడగలిగే ఆయాసంతో గంటలోపు ఎక్కగలిగితే హంప్తాకు, కశ్మీర్‌కు ఊపిరి సరిపోతుంది. కశ్మీర్ వెళ్లేవాళ్లు దిగేటప్పుడు కూడా బస్సెక్కకుండా నడిచే దిగాలి.

పెంచలకోన, వెలిగొండ అడవుల్లో రాత్రి టెంటు వేసి సాధన చేద్దామని మాత్రం అనుకోవద్దు. అది అభయారణ్యం, పైగా ఎర్రచందనం ప్రాంతం. అనుమతి లేకుండా పెద్ద సంచులతో తిరిగితే అటవీ సిబ్బందికి సమాధానం చెప్పుకోవాల్సి వస్తుంది. టెంటు వేయడం మిద్దె మీద నేర్చుకోండి, ఒకసారి చీకట్లో, ఒకసారి ఫ్యాను గాలికి ఎదురుగా.

వెనక్కి తిరగడం

తలనొప్పితో పాటు కడుపులో తిప్పడం, నీరసం, కళ్లు తిరగడంలో ఏదైనా ఉంటే ఆ రోజు ఇంకా పైకి వెళ్లకూడదు. మర్నాటికి తగ్గకపోతే దిగాలి. ఎత్తు జబ్బుకు ముందుజాగ్రత్తగా డయామాక్స్ మాత్ర 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందు రోజు నుంచి వాడతారు. సల్ఫా మందులు పడనివాళ్లు, బీపీ, షుగరు, కిడ్నీ మందులు వాడేవాళ్లు ఊళ్లోనే డాక్టరును అడగాలి. ఆ మందు ఒంటిని అలవాటు పడేలా తొందరపెడుతుంది అంతే, వెయ్యి మీటర్ల గెంతుకు లైసెన్సు ఇవ్వదు.

రెండు గుర్తులు కనపడితే రాత్రయినా ఆగకూడదు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, దగ్గులో గులాబీ రంగు నురగ రావడం ఒకటి. తాగినవాడిలా తూలడం రెండోది. అనుమానముంటే నేల మీద గీత గీసి, మడమ ముందు వేలు ఆనిస్తూ పది అడుగులు నడవమనండి. తూలితే దించేయాలి, ఆ మనిషి బాగానే ఉన్నానంటున్నా సరే, కనీసం అయిదారు వందల మీటర్లు.

ఇలా దించడానికి ఎంతసేపు పడుతుందన్నదీ దారిని ఎంచుకోవడంలో భాగమే. ఘాంఘరియాలో సీజన్‌లో వైద్య సహాయం దొరుకుతుంది, గుర్రాలున్నాయి. భృగు నుంచి అరపూటలో రోడ్డెక్కవచ్చు. హంప్తాలో కనుమకు ఇవతలైతే నడక మొదలైన జోబ్రాకు, అవతలైతే ఛత్రూకు ఒక రోజు లోపే. గడ్సర్ నుంచి రెండు రోజులు. చక్రతీర్థం నుంచి మాణాకు, రాళ్ల మీదుగా మనిషిని మోసుకుంటూ, ఒక పూర్తి పగలు. గుంపులో షుగరు, బీపీ ఉన్నవాళ్లుంటే ఈ చివరి రెండు పేర్లూ కొట్టేసి, మిగతా వాటిలోంచి ఎంచుకోండి.